కడగని వేలు

ఆసుపత్రి లాబొరేటరీలో నేను చేరిన కొత్తలో నాకు పని నేర్పిన పెద్దాయన ఒక మాట అనేవాడు. "సూది గుచ్చడం ఎవడికైనా వస్తుంది. గుచ్చే ముందు ఏం చేశావన్నదే పని." ఆ మాటను నేను ముప్పై ఏళ్లకు పైగా కొత్తగా చేరినవాళ్లందరికీ చెబుతూ వచ్చాను. రిటైరైన రోజు మెడలో దండతో నిలబడి కూడా అదే చెప్పాను. అప్పుడు ముందు వరసలో కూర్చున్న మైక్రోబయాలజీ మేడమ్ తల దించుకున్నారు. ఎందుకు దించుకున్నారో ఆవిడకూ నాకూ తప్ప ఆ గదిలో ఎవరికీ తెలియదు.

రక్తపరీక్షల పనిలోకి ఇప్పుడిప్పుడే వస్తున్న పిల్లల కోసం ఆ కారణం రాస్తున్నాను. మా సంఘంలో పెరుగుతున్న పిల్లలు చదివినా మంచిదే. ఇందులో ఆసుపత్రి ఎంత ఉందో ప్రార్థన మందిరమూ అంతే ఉంది.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి ఉక్కు ప్లాంటులో పనికి వచ్చాడు. నేను సెక్టర్ ఏడు క్వార్టర్లలో పెరిగాను. ఇప్పుడు రిసాలీలో ఉంటున్నాను. అయితే మా సంఘం మొదటి నుంచీ ఊరికి ఆ చివరనున్న ఖుర్సీపార్ పేటలోనే. రేకుల కప్పు మందిరం, మగవాళ్లకు కుడివైపు చాపలు, ఆడవాళ్లకు ఎడమవైపు, ఒక మైకు. బయట చేతులు కడుక్కోవడానికి ఒక కుళాయి. ఆ కుళాయిని గుర్తుపెట్టుకోండి.

మందిరానికి రెండు సందుల అవతల పాత బ్యాటరీల పని జరిగేది. లారీల బ్యాటరీలు, ఆటోల బ్యాటరీలు పగలగొట్టి లోపలి పలకలు తీసి, కరిగించి, సీసం దిమ్మలు పోస్తారు. కరిగించే పొయ్యిని అక్కడ అందరూ భట్టీ అనే అంటారు. కొందరి భట్టీలు ఊరి బయట ఉండేవి. కొందరివి ఇంటి పెరట్లోనే.

అలా పెరట్లో భట్టీ ఉన్న ఒకతను మా సంఘంలో ఉండేవాడు. నన్ను అన్నయ్యా అని పిలిచేవాడు. ప్లాంటులో కాంట్రాక్టు పని పోయాక ఈ పనిలోకి దిగాడు. సంఘంలో అందరం అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లమే కాబట్టి నాకు అతను తమ్ముడు, అతని భార్య చెల్లెలు. వాళ్లకు ఒకే ఒక్క కూతురు, అప్పటికి అయిదు నిండి ఆరులో పడింది. ఆ పిల్లకు ఒక వరం ఉండేది. ఆదివారం బడిలో వాక్యం ఒకసారి చదివి వినిపిస్తే చాలు, తిరిగి అప్పజెప్పేది. ఇంకా కూడబలుక్కుని చదవడం రాని వయసులో పెద్దపెద్ద కీర్తనలు మొదటి నుంచి చివరి దాకా తడబడకుండా చెప్పేది. చెబుతున్నంతసేపూ గౌను అంచు వేలికి చుట్టుకునేది. సంఘమంతా దాన్ని చూసి మురిసిపోయేది.

ఆ పిల్లకు తరచూ కడుపునొప్పి. మొహం పాలిపోయింది. తల్లి ఆసుపత్రికి తీసుకొచ్చింది. పిల్లల డాక్టరు రక్తంలో సీసం చూడమని రాశారు.

సీసం ఎక్కువే అని తేలింది. మందులు పెట్టి రక్తంలోంచి లాగెయ్యాల్సినంత కాదు, ఊరుకోదగినదీ కాదు. అప్పుడు మా మైక్రోబయాలజీ మేడమ్ రంగంలోకి వచ్చారు.

మేడమ్ తెలుగువాళ్లే. కానీ ఇక్కడే పుట్టి పెరిగారు, తెలుగు సగం, హిందీ సగం. నన్ను అంకుల్ అనేవారు. పొట్టలో ఉండే మంచి సూక్ష్మజీవుల మీద ఆవిడకు చాలా ఆసక్తి. వాటిలో కొన్నింటి ఒంటికి సీసం, కాడ్మియం వంటి లోహాలు అంటుకుంటాయని, రక్తంలోకి వెళ్లకుండా చాలావరకు మలంతో బయటికి పోతాయని చదివారు. నాకు అర్థమయ్యేలా చెప్పమంటే, "అంకుల్, పొలంలో నడిస్తే ప్యాంటుకి గింజలు అంటుకుంటాయి కదా, వో క్యా బోల్తే హైఁ?" అన్నారు. "ఉత్తరేణి గింజలు," అన్నాను. "హాఁ, అదే. బ్యాక్టీరియా ప్యాంటు, సీసం గింజ."

ఆసుపత్రి అనుమతి తీసుకుని, భట్టీలున్న కొన్ని ఇళ్లకు ఆ సూక్ష్మజీవితో తోడుపెట్టిన పెరుగు రోజూ ఇవ్వడం మొదలుపెట్టాం. తోడు పెంచడం, పాలు కాచి చల్లార్చి తోడుపెట్టడం, స్టీలు క్యాన్లలో స్కూటర్ మీద తీసుకెళ్లి ఇల్లిల్లూ ఇవ్వడం, కొన్ని నెలలకోసారి రక్తం చూడడం, ఇవన్నీ నా పనులు. మేడమ్ మొదటిరోజే ఆ ఇళ్లవాళ్లందరినీ కూర్చోబెట్టి ఒక షరతు పెట్టారు. భట్టీ ఇంట్లోంచి తీసెయ్యాలి. "పెరుగు రెండో పని. మొదటి పని అది. కచరా లోపలికి వస్తూ ఉంటే ఎంత ఊడ్చినా ఏం లాభం?" అన్నారు. అందరూ తలూపారు. మా తమ్ముడు ఇటుకబట్టీల అవతల ఒక స్థలం కూడా చూసుకున్నాడు.

నాకు ఆ పని మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. ముప్పై ఏళ్లు జబ్బు ఎంత ఉందో చూసి చెప్పినవాణ్ని. జబ్బు తగ్గించే పనిలో నా చెయ్యి పడడం అదే మొదలు. ఉదయం తోడుపెట్టే ముందు క్యాను మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవాణ్ని. ఒకరోజు మేడమ్ చూశారు.

"అంకుల్, అన్ని డబ్బాలకూ ప్రేయర్ చేస్తే ఎలా? తగ్గితే బ్యాక్టీరియా తగ్గించిందా, మీ ప్రభువు తగ్గించారా, రిపోర్టులో నేను ఏం రాయాలి?"

"ఇద్దరి పేర్లూ రాసెయ్యండి మేడమ్," అన్నాను.

"ఫిర్ మేరా నామ్? నా పేరెక్కడ?" అని నవ్వారు.

మా ఆడవాళ్లు ఆ పెరుగును చేసిన పనులు చెబితే మీరూ నవ్వుతారు. రెండో వారం ఒక ఇంటికి వెళితే మంచి పోపు వాసన వస్తోంది. ఆ ఇంటి ముసలమ్మ పెరుగంతా చిలికి, శనగపిండి కలిపి, ముక్కలేసి మజ్జిగపులుసు కాచేసింది. "అయ్యో, మరిగిస్తే అందులో జీవం చచ్చిపోతుంది మామ్మా," అన్నాను. "జీవవుంటే మరి తినమంటావేటి బావూ, పరిశుద్ధంగా వొండుకు తినొద్దా?" అంది. మేడమ్‌కి చెబితే పగలబడి నవ్వి, చచ్చిన బ్యాక్టీరియా కూడా కొంత సీసం పట్టుకుంటుందని, ఆ సంగతి మాత్రం మామ్మకు చెప్పొద్దని అన్నారు.

నవ్వు సంగతి అక్కడితో ఆపుతాను.

పెరుగు మొదలుపెట్టే ముందు ప్రతి ఇంట్లో పిల్లల రక్తం చూశాం. వేలి కొన మీద గుచ్చి ఒక చుక్క యంత్రంలో వేస్తే అంకె చూపిస్తుంది. వేలినుంచి తీసేటప్పుడు ఒక నియమం ఉంది. పిల్ల చేతిని సబ్బుతో బాగా కడగాలి, గుడ్డతో తుడవకుండా ఆరనివ్వాలి, ఆ తర్వాతే స్పిరిట్ రాసి గుచ్చాలి. భట్టీ ఉన్న ఇంట్లో చర్మం మీద కంటికి కనిపించని సీసం దుమ్ము ఉంటుంది. స్పిరిట్ క్రిములను చంపుతుంది గానీ ఆ దుమ్మును పోగొట్టదు. దుమ్ము చుక్కలో కలిస్తే, ఒంట్లో లేని సీసాన్ని యంత్రం చూపిస్తుంది. రిజిస్టరులో 'చెయ్యి కడిగించారా' అని ఒక గడి కూడా ఉండేది.

నేను ఆ కీర్తనల పిల్ల ఇంటికి వెళ్లిన రోజు కుళాయి రాలేదు. తల్లి తొట్టి అడుగున ఉన్న నీళ్లు వంటకు దాచుకుంది. పిల్ల సూదిని చూసి అప్పటికే ఏడుస్తోంది. సాయంత్రం మందిరంలో ఉపవాస ప్రార్థన, నేనూ వాళ్లూ వెళ్లాలి. "పర్లేదు చెల్లెమ్మా," అన్నాను. దూది స్పిరిట్‌లో ముంచి రెండుసార్లు గట్టిగా తుడిచి గుచ్చాను. అంకె వచ్చింది, రాసుకున్నాను. గడిలో టిక్కు పెట్టాను. మిగతా గడులన్నింటిలో టిక్కు పెట్టిన చెయ్యి దీంట్లోనూ పెట్టింది. అబద్ధం రాస్తున్నానన్న ఆలోచన కూడా లేదు. అదే ఇప్పుడు నాకు భయం వేసే సంగతి.

రెండు నెలల తర్వాత మళ్లీ వెళ్లాను. ఈసారి రక్తం తీస్తానని ముందురోజే చెప్పాను. తల్లి పిల్లకు తలంటి, ఒళ్లంతా రుద్ది స్నానం చేయించి, ఆదివారం గౌను తొడిగి కూర్చోబెట్టింది. పెద్ద మిషన్ ముందు మురికిగా ఎలా కూర్చోబెడతానన్నట్టుంది ఆమె వాలకం. గుచ్చాను. అంకె దాదాపు సగానికి పడిపోయింది.

యంత్రం చెడిందేమో అనుకుని ఇంకో వేలినుంచి చూశాను. అదే. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లి భయపడిపోయి, "ఏటన్నా, ఏటయింది?" అంది.

"తగ్గింది చెల్లెమ్మా. సగం తగ్గిపోయింది."

ఆమె అక్కడే మోకాళ్ల మీద పడింది. నేనూ మోకరించాను. పిల్ల గుచ్చిన వేలు నోట్లో పెట్టుకుని మా ఇద్దర్నీ చూస్తూ ఉంది.

మేడమ్‌కి అంకె చూపిస్తే, "ఒక్క ఇంట్లోనే ఇంత తగ్గిందా? మిగతావాళ్లకి ఇలా లేదే. రుకియే అంకుల్, అందరికీ వీన్ నుంచి తీసి బయటి ల్యాబ్‌కి పంపుదాం, అప్పటిదాకా ఎవరికీ చెప్పకండి," అన్నారు. నేను సరే అన్నాను. అది శుక్రవారం.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా సంఘాల సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. దేవుడు తన జీవితంలో చేసిన మేలును లేచి నిలబడి అందరి ముందూ చెప్పడాన్ని సాక్ష్యం అంటాం. మేలు పొంది నోరు మూసుకోవడం కృతజ్ఞత లేనితనమని మాకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. ఆ రోజు ఆ పిల్ల కొత్త కీర్తన ఒకటి గడగడా అప్పజెప్పి తల్లి పక్కన కూర్చుంది. నా కాళ్లు ఆగలేదు. మైకు తీసుకున్నాను.

అంతా చెప్పాను. పిల్లకు పట్టిన సీసం గురించి, ఒక సూక్ష్మజీవిలో కూడా దేవుడు పెట్టిన ఔషధం గురించి, ప్రార్థన చేసి తోడుపెట్టిన పెరుగు గురించి, సగానికి పడిన అంకె గురించి. "ఇదిగో ఈ బిడ్డే సాక్ష్యం," అన్నాను. సంఘమంతా స్తోత్రం, స్తోత్రం అంది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

భట్టీ మాట చెప్పలేదు. దాచాలని కాదు. సాక్ష్యానికి ఒక నడక ఉంటుంది. వ్యాధి, కన్నీరు, ప్రార్థన, స్వస్థత. పెరట్లో పొయ్యి ఎత్తెయ్యాలన్న మాట అందులో ఎక్కడ పెట్టాలో నాకు తోచలేదు. అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞను ఆ పిల్ల వయసులోనే కంఠతా పట్టినవాణ్ని. పొరుగువాడిని ముంచడానికి చెప్పేదే అబద్ధ సాక్ష్యం అనుకున్నాను. పొరుగువాడికి మేలు చేస్తున్నాననుకుంటూ కూడా అది చెప్పవచ్చని అప్పటికి తెలియదు.

తర్వాతి వారం వాళ్లింటికి క్యానుతో వెళితే తమ్ముడు టీ ఇచ్చాడు.

"మరి ఇటుకబట్టీల కాడ స్థలం సంగతి ఏమైంది?" అన్నాను.

"ఆడు ఇస్తానన్నాడన్నయ్యా. కానీ ఊరవతల. కరెంటు లేదు, రాత్రిళ్లు కాపలా ఎవుడుంటాడు? అయినా ఇప్పుడు తొందరేటి? పెరుగుంది కదా. దేవుడే తోవ సూపించేడు, నువ్వే సెప్పేవు."

"అయినా తీసెయ్యడమే మంచిది."

"తీసేద్దాం. వర్షాలెల్లనీ."

నేను టీ తాగేశాను. ఆ 'అయినా' అన్న మాటలో నా బలం ఎంతో అతనికి తెలుసు, నాకూ తెలుసు. ముందు ఆదివారం మైకులో ఉన్న గొంతు కాదది.

ఆ వర్షాకాలం అతను భట్టీ మీద వాన పడకుండా రేకులు వేసుకున్నాడు. పొగ ఇంట్లోకి తిరిగేది. ఆ సందులో ఇంకో ఇద్దరు కూడా స్థలం వెతకడం మానేశారు. పెరుగు మాత్రం ఒక్కరోజు కూడా ఎవరూ మానలేదు. మా మందిరంలో వాళ్లు దాన్ని ప్రసాదంలా కళ్లకద్దుకుని తినేవారు. మేం విగ్రహాలను పూజించేవాళ్లం కాదు. మాకూ అలాంటిది ఒకటి దొరికింది. చేతికిచ్చినవాణ్ని నేను.

బయటి ల్యాబ్‌కి డబ్బు మంజూరయ్యేసరికి దసరా సెలవులు కూడా అయిపోయాయి. అప్పుడు అందరి పిల్లలకూ నరం నుంచి రక్తం తీసి బయటి ల్యాబ్‌కి పంపాం. ఫలితాలు వచ్చిన రోజు మేడమ్ నన్ను తన గదికి పిలిచారు. బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. ఆ పిల్ల పేరు దగ్గర మూడు అంకెలున్నాయి. మొదటిది ఎక్కువ, రెండోది దాంట్లో సగం, మూడోది మళ్లీ మొదటిదాని దగ్గరికి వెళ్లిపోయింది.

"అంకుల్, కూర్చోండి. మొదటిసారి ఫింగర్ నుంచి తీశారు కదా?"

"అవును మేడమ్."

"హ్యాండ్ వాష్ కరాయా థా?"

"కరాయా మేడమ్, కడిగించాను," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో! ఆవిడ గడిలో నా టిక్కును చూశారు, నన్ను చూశారు. "అచ్ఛా," అన్నారు. రిజిస్టరు మూసేశారు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి చేతులు కడుక్కుంటుంటే నాకు కుళాయి రాని ఆ రోజు గుర్తొచ్చింది. దూది, స్పిరిట్, ఏడుపు, ఉపవాస ప్రార్థన. తర్వాత రెండోసారి తలంటు, ఆదివారం గౌను. అప్పుడు అర్థమైంది. మొదటి అంకెలో వేలి మీది దుమ్ము ఉంది. రెండో అంకె మాత్రమే రక్తంలో ఉన్నది. డాక్టరు రాయించిన పరీక్ష పెరుగుకు నెలల ముందుది, పోల్చడానికి పనికిరాదు. పెరుగు మొదటి రెండు నెలల్లో ఏం చేసిందో ఇక ఎవరూ చెప్పలేరు. నేను సంఘం ముందు నిలబడి స్తోత్రం చెప్పింది ఆ తల్లి వాడిన సబ్బుకు. మూడోది నరం నుంచి తీసింది, అదీ రక్తంలో ఉన్నదే. అంటే ఆ పిల్ల ఒంట్లో సీసం వానాకాలమంతా పెరుగుతూ వచ్చింది. పెరుగు తింటూనే పెరిగింది, భట్టీ ఇంట్లోనే ఉంది కాబట్టి. భట్టీ ఇంట్లోనే ఎందుకుందో నాకు తెలుసు.

మర్నాడు డ్యూటీ మొదలవకముందే మేడమ్ గదికి వెళ్లి చెప్పాను. కడిగించలేదని, టిక్కు అబద్ధమని, నిన్న చెప్పింది రెండో అబద్ధమని. ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. ఎర్రసిరా పెన్ను తీసి మొదటి అంకె మీద ఒక గీత గీశారు.

"నా పని ఇంతే అంకుల్. ఒక లైన్ కొట్టేస్తే నా రిజిస్టర్ ఠీక్ అయిపోతుంది. మీరు చర్చిలో చెప్పారట కదా. అక్కడ ఎవరు కొట్టేస్తారు?"

ఆవిడకు ఎవరు చెప్పారో నేను అడగలేదు.

ఆ సాయంత్రమే మా అయ్యగారి దగ్గరికి వెళ్లాను. పాస్టరుగారిని మేం అయ్యగారు అంటాం. మంచి మనిషి, ఎవరింట్లో జ్వరమొచ్చినా సైకిల్ మీద వెళ్లి తలగడ దగ్గర కూర్చునేవాడు. అంతా విన్నాడు.

"తమ్ముడూ, కోత పండగ దగ్గర పడింది. సంఘంలోకి కొత్త ఆత్మలు వొస్తన్నాయి. ఇప్పుడు లేచి నాను సెప్పింది తప్పంటే బలహీనులు తొట్రిల్లిపోతారు. ముందు ఆ ఇంటోళ్లకి నెమ్మదిగా సెప్పు. సంఘానికి తరవాత సూద్దాం."

ఆ మాటను నేను ఆయన మీదికి నెట్టను. ఆయన ఆగమనగానే నా గుండె తేలికపడింది. తేలికపడిన ఆ క్షణాన్నే నేను దేవుని ముందు ఎక్కువసార్లు ఒప్పుకున్నాను.

ఆ ఇంటికి వెళ్లాను. "సీసం మళ్లీ కొంచెం పెరిగినట్టుంది, భట్టీ తీసెయ్యాలి," అన్నాను. తమ్ముడు, "ఇంకో గరిట ఎక్కువ తినిపిస్తాం అన్నయ్యా," అన్నాడు. మొదటి అంకె తప్పని చెప్పడానికి నోరు తెరిచాను. అతని భార్య వంటింట్లోంచి, "అన్న సెప్పిన సాక్ష్యం మా అమ్మోళ్ల సంఘంలో కూడా సెప్పేను," అంది. నోరు మూసుకున్నాను. కోత పండగకి బియ్యం, గుమ్మడికాయలు, అరటి గెలలు మందిరం నిండా వచ్చాయి. పాటలు పాడాం. ఆ పండగలో ఆ పిల్ల కీర్తన చెప్పడానికి లేచి, మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది. "నిద్ర సరిపోనట్టుంది," అని ఎవరో నవ్వారు.

డిసెంబరు మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల. రొట్టె పళ్లెం ఒక్కొక్కరి చేతి మీదుగా వస్తుంది. మనసులో ఎవరికైనా అన్యాయం పెట్టుకుని ఆ రొట్టె తీసుకోకూడదని మా నమ్మకం. తమ్ముడు నా పక్కనే కూర్చున్నాడు. తను ఒక ముక్క తీసుకుని పళ్లెం నాకిచ్చాడు. నేను తీసుకోకుండా అవతలివాడికి అందించాను. తమ్ముడు నా వైపు తిరిగి, "ఏటన్నయ్యా, ఒంట్లో బాలేదా?" అని గుసగుసగా అడిగాడు.

లేచాను. అది సాక్ష్యాల సమయం కాదు. సాక్ష్యం చెప్పడానికి మాకు సమయం ఉంది, మైకు ఉంది. చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకోవడానికి మా ఆరాధన క్రమంలో చోటు లేదు. అయ్యగారు నన్ను చూసి, బల్ల మీద చేతులు పెట్టుకుని ఆగిపోయాడు. ఆపలేదు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

"నేను ఈ బిడ్డ గురించి చెప్పిన సాక్ష్యం నిజం కాదు," అన్నాను. "మొదటిసారి నేను బిడ్డ చెయ్యి కడిగించలేదు. వేలి మీది దుమ్మును యంత్రం చదివింది. పెరుగు సగం తగ్గించలేదు. బిడ్డ ఒంట్లో సీసం ఇప్పుడు పెరిగింది. పెరుగు తినండి, మంచిదే. కానీ భట్టీ ఇంట్లో ఉంటే ఏ పెరుగూ ఆపలేదు. ఈ మాట మేడమ్ మొదటిరోజే చెప్పారు. నేను మీకు చెప్పలేదు."

ఎక్కడో వెనక నుంచి ఎవరో అలవాటు కొద్దీ "స్తోత్రం" అన్నారు. మజ్జిగపులుసు కాచిన మామ్మ, "అయితే నాను అప్పుడు వొండుకు తిన్నదే నయవేటి?" అంది. ఎవరూ నవ్వలేదు.

ఎడమవైపు నుంచి ఆ పిల్ల తల్లి లేచింది. పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి వెళ్లింది. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టాడు గానీ నాకు ఆ మాటలు వినిపించలేదు. బయట కుళాయి తిప్పిన చప్పుడు, నీళ్లు పడుతున్న చప్పుడు. చాలాసేపు పడ్డాయి.

ఆరాధన అయ్యాక తమ్ముడు గుమ్మం దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు.

"ఆ దినం ఎందుకు సెప్పేవన్నయ్యా?"

"నిజమనుకున్నాను."

"నిజం కాదని ఎప్పుడు తెలిసింది?"

అప్పుడైనా ఇంకో అబద్ధం చెప్పవచ్చు. "అయిదు వారాలైంది," అన్నాను.

అతను వేళ్లు ముడిచి లెక్కపెట్టుకున్నాడు. ఆ వేళ్ల గీతల్లో సీసం నలుపు. "అయిదు ఆదివారాలు. నా పక్కన కూకుని పాటలు పాడేవు," అన్నాడు. కోపంగా అనలేదు. ఆ లెక్క తనకే నమ్మశక్యంగా లేనట్టు అన్నాడు.

ఆ వారంలోనే భట్టీని ఇటుకబట్టీల అవతలికి తీసుకెళ్లాడు. కరెంటూ లేదు, కాపలా తనే ఉన్నాడు. పెరట్లో మట్టి పైపొర తవ్వి తీసి కొత్త మట్టి వేయించాడు. పని బట్టలు ఇంటికి తేవడం మానేశాడు. ఇన్నాళ్లూ కష్టమని వాయిదా వేసిన పని నాలుగు రోజుల్లో అయిపోయింది. సందులో మిగతా ఇద్దరూ అతని వెనకే వెళ్లారు. పిల్ల ఒంట్లో సీసం తర్వాతి సంవత్సరాల్లో మెల్లమెల్లగా దిగింది. నేనే తీసేవాణ్ని రక్తం. తల్లే సబ్బు పెట్టి కడిగేది, మోచేతుల దాకా. కడిగాక రెండు చేతులూ నా ముందు చాపించి, "సరిపోయిందా?" అని అడిగేది. మునుపటిలా అన్నా అని పిలవలేదు.

రక్తంలోంచి దిగింది గానీ, ఆ వయసులో తలకెక్కినదంతా వెనక్కి రాదని పిల్లల డాక్టరు చెప్పారు. ఆ సీసంలో ముందు నుంచీ ఉన్నది ఎంత, నా సాక్ష్యం తర్వాత వానాకాలంలో చేరింది ఎంత, నేను నోరు మూసుకున్న అయిదు వారాల్లో చేరింది ఎంత? ఏ యంత్రంలో ఏ చుక్క వేసినా అది చెప్పదు. నేను అడగకుండా ఉండలేను.

పెరుగు మీద నాకు కోపం లేదు. మేడమ్ ఇప్పటికీ ఆ పని మీద నమ్మకంతోనే ఉన్నారు. నేను ఆవిడ రిజిస్టరును పాడు చేయకపోయి ఉంటే ఆ ఇంటి నుంచి ఒక నికరమైన సమాధానం వచ్చేదేమో, ఔననో కాదనో. ఆ చిన్న జీవులు తమకు అంటుకున్నది తాము మోసుకుపోతాయి. మనం వదిలేసినదంతా మోసుకుపొమ్మనడం మనిషి చేసే పని. పిల్లలూ, వేలినుంచి తీస్తే చెయ్యి కడిగించండి. కడిగించకపోతే కడిగించలేదని రాయండి. ఖాళీ గడి చూసి ఎవరూ మోకాళ్ల మీద పడరు.

ఇప్పుడు ఆ అమ్మాయి పదకొండో తరగతి చదువుతోంది. చదువులో వెనకబడి ఒక సంవత్సరం పోయింది. మంచి పిల్ల, నెమ్మది. ఎదురుపడితే "అంకుల్, వందనాలు," అంటుంది. ఎవరు ఏం చెప్పారో, ఎంత తెలుసో నాకు తెలియదు.

పోయిన నెల యువజనుల ఆదివారం నాడు తనే ఒక కీర్తన చెబుతానని ముందుకొచ్చింది. పుస్తకం లేకుండా. అది తను అయిదేళ్లప్పుడు గడగడా చెప్పిన కీర్తనే. సగం దాకా బాగా చెప్పింది. సగంలో ఆగింది. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటోంది. ఆడవాళ్ల వైపు నుంచి తల్లి పెదవులు కదిపింది గానీ ఆ దూరానికి కనపడినట్టు లేదు. అమ్మాయి చూపు చాపల మీదుగా వచ్చి ముందు వరసలో ఉన్న నా మీద ఆగింది.

తర్వాతి మాట నాకు వచ్చు. నోటిదాకా వచ్చింది. ఆ మందిరంలో ఆ మాట అందించడానికి ఎవరికైనా హక్కు ఉంది, నాకు తప్ప. నేను తల దించుకున్నాను.

కాసేపయ్యాక తను రెండు వాక్యాలు దాటేసి, గుర్తున్న చోటినుంచి అందుకుని చివరిదాకా చెప్పింది. దాటేసిన సంగతి చాలామంది గమనించి ఉండరు. సంఘమంతా స్తోత్రం అంది. నా పక్కన కూర్చున్న తమ్ముడూ అన్నాడు. నేను ఆ రెండు వాక్యాలూ మనసులో చెప్పుకుని, ఆ తర్వాత అన్నాను.